ఎండ కాసే దీవి: పదకొండో భాగం

పోయిన వారం శశికాంత్‌ని కంటి ఆస్పత్రి మెట్ల మీద వదిలేసి వచ్చాం. చేతిలో కవరు, భుజం మీద నిద్రపోతున్న నిఖిల. రెండున్నరేళ్ళ పిల్ల. ఆ కవర్లో ఏముందో మీకు తెలుసు, అతనికి తెలుసు. ఇంట్లో ఉన్న అతని భార్య మైథిలికి మాత్రం తెలియదు. పిల్ల కళ్ళ వెనక ఉండే పొర కొంచెం కొంచెంగా పాడైపోతోంది. వెలుతురు బాగా ఉన్నచోట ఇప్పటికి చూపు ఆనుతుంది. మసక వెలుతురైతే ఆనదు. ఏళ్ళు గడిచేకొద్దీ పగటి చూపు కూడా తగ్గిపోతుంది. అది అయిదేళ్ళకా, పదేళ్ళకా అన్నది ఏ డాక్టరూ చెప్పలేడు.

దాచిన సంగతి ఇంకోటి కూడా ఉంది. ఎనిమిది నెలల కింద మొదటిసారి ఆ ఆస్పత్రికి వెళ్ళినప్పుడు ఫారంలో ఒక ప్రశ్న అడిగారు, తల్లిదండ్రులిద్దరూ దగ్గరి బంధువులా అని. మైథిలి ఇతని సొంత మేనత్త కూతురు. అయినా మనవాడు 'కాదు' అని టిక్కు పెట్టి వచ్చాడు. ఆ టిక్కును నమ్మి డాక్టర్లు ఇన్నాళ్ళూ వేరే కారణాలు వెతికారు. మొన్న మంగళవారం పెద్ద డాక్టరమ్మ అదే ప్రశ్న మళ్ళీ అడిగితే, అప్పుడు నిజం చెప్పాడు. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. "సరైన పరీక్షకి మీ ఇద్దరి రక్తమూ కావాలి. మీ ఆవిడను తీసుకుని రండి," అంది. అతను తలుపు దాకా వెళ్ళాక పిలిచి, "ఇంకో బిడ్డను కనే ఆలోచన ఉంటే ముందు మాతో మాట్లాడండి. ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది," అని కూడా చెప్పింది.

ఇంత మూట మోసుకుంటూ ఇంటికొచ్చిన మనిషి పెళ్ళాంతో ఏమన్నాడు? "కళ్ళజోడు పడుతుందట," అన్నాడు. మర్నాడు ఆఫీసులో కూర్చుని కరీబియన్ దీవుల జాబితా రాయడం మొదలుపెట్టాడు. అతని లెక్క ఏమిటంటే, ఈ ఐర్లాండ్‌లో సముద్రం బూడిదరంగులో ఉంటుంది. పిల్ల కళ్ళు పనిచేస్తుండగానే ఒక్కసారి, ఎండ దంచికొట్టే చోట, నీలంగా ఆకుపచ్చగా మెరిసే నీళ్ళు చూపించాలి. మైథిలికి ఆ తర్వాత చెప్పొచ్చు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగే సామెత ఇలాంటి మగాళ్ళను చూసే పుట్టి ఉంటుంది.

అలా శుక్రవారం వచ్చింది. రెండువేల పదహారు, ఏప్రిల్ నెల. శశికాంత్ పనిచేసే అమెరికా కంపెనీ డబ్లిన్‌లో నది పక్కన కొత్త అద్దాల మేడ కట్టి, సంతలో బేరం చేసినట్టు మనుషులను చేర్చుకుంటున్న రోజులవి. శుక్రవారాలు ఇంటి నుంచి పని చేసుకోవచ్చు. బ్లాంచర్డ్స్‌టౌన్‌లో రెండో అంతస్తు అపార్ట్‌మెంట్, వంటగదిలోనే భోజనాల బల్ల, ఆ బల్ల మీదే ఆఫీసు. జూన్‌లో రెండు వారాలు సెలవు కావాలంటే సాయంత్రం నాలుగింటికల్లా తేదీలు చెప్పాలని టీమ్ లీడు పొద్దున్నే మెసేజ్ పెట్టాడు. తేదీలు చెప్పాలంటే టికెట్లు చూడాలి. టికెట్లు చూడాలంటే ముందు ఏ దీవో తేలాలి.

భోజనాలయ్యాక శశికాంత్ లాప్‌టాప్ తెరిచాడు. తన పట్టిక మీద అతనికి భలే నమ్మకం. ప్రయాణం ఎన్ని గంటలు, ఎన్నిచోట్ల విమానం మారాలి, హోటల్ నుంచి ఆస్పత్రి ఎంత దూరం, అలలు పెద్దవా చిన్నవా, పిల్లకి పెరుగన్నం దొరుకుతుందా, అన్నిటికీ మార్కులు వేశాడు. ఆఖర్న 'ఎండ' అని ఒక గడి, 'నీళ్ళ రంగు' అని ఒక గడి పెట్టి, ఆ రెంటికీ రెట్టింపు మార్కులు ఇచ్చాడు. మన పాస్‌పోర్టు చూడగానే సగం దీవులు తలుపులు వేసుకున్నాయి. వీసా అడగకుండా రానిచ్చేవి ఆరు మిగిలాయి. బార్బడోస్, జమైకా, గ్రెనడా, ట్రినిడాడ్, డొమినికా, సెయింట్ విన్సెంట్.

ఆ ఆరింటికీ ఎవరో ఎర్రరంగు పూసేశారు. పక్కన 'దోమలు' అని రాసి ఉంది, ఆరుసార్లు.

"మైథిలీ, ఏంటిది? అన్నీ కొట్టేశావా?"

మైథిలి బల్లకి అవతలి వైపు కూర్చుని నిఖిలకి పెరుగన్నం పెడుతోంది. తలెత్తకుండానే, "చూశావుగా. దోమలు," అంది.

"నరసరావుపేటలో పుట్టి దోమలకి భయపడతావేంటే! మన మురిక్కాలవ పక్కన మంచాలేసుకుని పడుకున్నదానివి."

"అప్పుడు పడుకున్నాలే. ఇప్పుడు పడుకోను."

"బార్బడోస్‌లో హోటలంతా ఏసీ. కిటికీలకి జాలీ ఉంటుంది. ఆస్పత్రి పావుగంట దూరం. లండన్‌లో ఒక్కసారి విమానం మారితే చాలు, ట్రాన్సిట్ వీసా నేను చూసుకుంటా. అలలు కూడా..."

"బావా, నాకు అంత దూరం వద్దు." ఇంట్లో ఆమె అతన్ని బావా అనే పిలుస్తుంది, చిన్నప్పటి నుంచీ అదే పిలుపు. "ఈ దేశంలో పిల్లలున్న వాళ్ళంతా స్పెయిన్ వాళ్ళ లాంజరోటే దీవికే పోతారు. నాలుగు గంటల ప్రయాణం. గిరిజాకుమారి ఆంటీ వాళ్ళు మనవణ్ణి తీసుకుని మొన్నేగా వెళ్ళొచ్చారు. దోమ మచ్చుకైనా లేదట. మనమూ అక్కడికే పోదాం."

"అక్కడ ఇసక నల్లగా ఉంటుంది."

మైథిలి చేతిలో ముద్ద అలాగే ఆగింది. "ఏంటీ?"

"అది అగ్నిపర్వతాల నేల. ఎటు చూసినా నలుపు, ముదురు గోధుమ. అక్కడ చూడ్డానికేముంది?"

"ఆడుకునే పిల్లకి ఇసక రంగెందుకు బావా? ఇసకకేమన్నా పెళ్ళిచూపులా?"

ఇంకో రోజైతే శశికాంత్ నవ్వేవాడు. ఆమె నోటికి లొంగిపోయే పెళ్ళి చేసుకున్నానని స్నేహితుల దగ్గర చెప్పుకునేవాడు. ఇవాళ నవ్వు రాలేదు. లాంజరోటే వద్దంటే వద్దన్నాడు. సముద్రమే కావాలంటే బాపట్ల దగ్గర సూర్యలంక లేదా, ఇంటికీ వెళ్ళినట్టుంటుంది అని ఆమె అంటే, ఇండియా అసలే వద్దన్నాడు. ఇండియా వెళ్తే ఇతని తల్లి శ్యామలాదేవి ఉంటుంది. సాయంత్రం పూట పిల్ల గడప దగ్గర తడుముకోవడం ఒక్కసారి చూసిందంటే ఆవిడకి చాలు. ఆవిడ కళ్ళు కప్పడం ఎవరి తరమూ కాదు.

"మంగళవారం నుంచి చూస్తున్నా," అంది మైథిలి. "ఎండ అంటావు, రంగు అంటావు. తెచ్చిన కళ్ళజోడు చీటీ చూపించమంటే ఆఫీసులో ఉందంటావు. ఏమైంది నీకు?"

"నువ్వు ముందు ఆ దోమల గొడవేంటో చెప్పు," అన్నాడు శశికాంత్. తప్పు చేసినవాడికి ఎదురు ప్రశ్నే దిక్కు.

మైథిలి లేచి చెయ్యి కడుక్కుంది. ఫ్రిజ్ మీద ఉన్న కాగితాల్లోంచి ఒక పసుప్పచ్చ కరపత్రం తీసి లాప్‌టాప్ పక్కన పెట్టింది. వాళ్ళ జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు, క్లినిక్‌లో ఇచ్చింది. పైన దోమ బొమ్మ, కింద దీవుల పేర్లు. జికా అనే వైరస్ గురించి. ఆ ఏడాది పేపర్ల నిండా అదే. అది సోకితే కడుపులో బిడ్డ తల ఎదగదట, గర్భిణులెవరూ ఆ వైపు వెళ్ళొద్దని రాసి ఉంది.

శశికాంత్ చదివి పక్కకి నెట్టాడు. "ఇది కడుపుతో ఉన్నవాళ్ళకి కదే. మనకేంటి?"

మైథిలి తడి గుడ్డ తీసుకుని నిఖిల మూతి తుడుస్తూ ఉండిపోయింది. లక్ష లైన్ల కోడ్‌లో తప్పు ఎక్కడుందో వాసన పట్టేస్తాడని ఆఫీసులో పేరున్న మనిషికి, ఎదురుగా కూర్చున్న పెళ్ళాం మౌనం అర్థం కావడానికి నిమిషం పైనే పట్టింది.

"ఎన్నో నెల?" అన్నాడు చివరికి.

"మూడో నెల నడుస్తోంది. పదకొండు వారాలు." ఆమె ముఖంలో అప్పుడొచ్చింది నవ్వు, దాచుకుని దాచుకుని బయటపడిన నవ్వు. "పోయినేడు రెండు గీతలు కనపడగానే నువ్వు ఊరంతా ఫోన్లు చేశావు. వారం తిరక్కుండానే పోయింది. అందుకని ఈసారి మూడో నెల వెళ్ళేదాకా ఎవరికీ చెప్పకూడదనుకున్నా. నీక్కూడా. బుధవారం మెటర్నిటీ ఆస్పత్రికి వెళ్ళి పేరు రాయించుకొచ్చా. గుండె కొట్టుకోవడం చూపించారు బావా. చిన్న గింజ, టకటకా కొట్టుకుంటోంది."

నాలుగింట ఒక వంతు. డాక్టరమ్మ మాట తప్ప శశికాంత్ చెవుల్లో మరేమీ లేదు. ముందు మాతో మాట్లాడండి అంది ఆవిడ. మంగళవారం ఆవిడ ఆ మాట అన్నప్పటికే ఆ గింజ వయసు పది వారాలు దాటింది. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే. ఆ రోకలి మాత్రం తనే తెచ్చుకున్నాడు, ఇంకెవరినీ అనడానికి లేదు.

"నవ్వవేంటి?" అంది మైథిలి.

"సంతోషమే."

"నీ మొహం అలా లేదు."

"సంతోషమేనే. ఉన్నట్టుండి చెప్పేసరికి..."

"ఇన్ని వారాలూ ఒక్కదాన్నే భయపడ్డా బావా. పొద్దున్నే వాంతులు నీకు వినపడకుండా షవర్ తిప్పుకున్నా. ఇవాళ చెప్తే నువ్వు నన్ను ఎత్తుకుంటావనుకున్నా." ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నీకు ఇష్టం లేదా? ఆ మాట చెప్పు పోనీ."

చెప్పాల్సిన మాట అది కాదు. ఇంతలో బయట మబ్బు పట్టింది. ఐర్లాండ్ ఏప్రిల్ మబ్బుకి వేళాపాళా ఉండదు, పట్టపగలు మూడు గంటలకే వంటగది సాయంత్రమైనట్టు చీకటి పడింది. లైటు వెయ్యాలని ఇద్దరికీ తోచలేదు. నిఖిల కుర్చీ మీంచి జారి దిగి, అవతలి గదిలో ఉన్న బొమ్మ కోసం గబగబా నడిచింది. గిన్నెలు పెట్టుకునే అల్మరా తలుపు, ఇక్కడి వాళ్ళ మాటలో ప్రెస్ తలుపు, బారుగా తెరిచి ఉంది. అంత పెద్ద తెల్ల తలుపు. పిల్ల తిన్నగా వెళ్ళి నుదురు దానికేసి కొట్టుకుంది.

ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, అప్పుడు కేరుమంది. మైథిలి పరుగున వెళ్ళి ఎత్తుకుంది. నుదుటి మీద అప్పటికే బొడిపె లేస్తోంది.

"ద డోర్ ఈజ్ బోల్డ్, మమ్మీ!" అంది నిఖిల ఏడుస్తూ. క్రెష్‌లో అల్లరి పిల్లల్ని బోల్డ్ అంటారు. పిల్ల లెక్కలో అల్లరి తలుపుదే.

"తలుపు కాదమ్మా, నువ్వే చూసుకుని నడవాలి," అంది మైథిలి. భర్త మీద కోపం, ఈ మూడు రోజుల దిగులు అన్నీ కలిసి గొంతు పైకి లేచింది. "ఈ వారంలో ఇది మూడోసారి. ఎన్నిసార్లు చెప్పాలి? కళ్ళెక్కడ పెట్టుకుని నడుస్తావే?"

"దాన్ని అనకు!" శశికాంత్ కుర్చీ వెనక్కి పడిపోయింది. "దాన్నేమీ అనకు మైథిలీ. దానికి కనపడదు."

ఇంక దాచే వీల్లేదు. నిలబడే చెప్పేశాడు. కంటి పొర గురించి, మసక వెలుతురు గురించి, రాబోయే ఏళ్ళ గురించి, డాక్టరమ్మ చెప్పిన నాలుగింట ఒక వంతు గురించి. కళ్ళజోడు చీటీ అనేదే లేదని చెప్పాడు. ఎండ గడి ఎందుకో, రంగు గడి ఎందుకో చెప్పాడు. మైథిలి ఒక్క మాటా అడ్డుపడకుండా, పిల్ల నుదుటి మీద మంచుముక్కలు చుట్టిన గుడ్డ అద్దుతూ వింది. చల్లదనానికి నిఖిల ఏడుపు ఆపి తల్లి భుజం మీద తల పెట్టుకుంది.

"శేషయ్య తాత," అంది మైథిలి.

శశికాంత్ తల వంచుకున్నాడు. శేషయ్య తాత ఇద్దరికీ తాతే. ఇతనికి నాన్నతండ్రి తమ్ముడు, ఆమెకి అమ్మతండ్రి తమ్ముడు. దీపాలు పెట్టే వేళకి అరుగు దిగేవాడు కాదు. పెళ్ళి లేదు, పేకాట లేదు. రేచీకటి అని అందరూ నవ్వేసేవాళ్ళు, ఎదురుగా నిలబడి నాలుక బయటపెట్టిన పిల్లల్లో వీళ్ళిద్దరూ ఉన్నారు.

"ఆ సముద్రం చూపించాక? అప్పుడు చెప్దామనుకున్నావా నాకు?"

"తిరుగు విమానంలో చెప్దామనుకున్నా."

"ఎనిమిది నెలలు ఎందుకు పట్టింది వాళ్ళకి? ఇది మొదట్లోనే తేలేది కాదా?"

ఇదిగో, ఇక్కడ మాత్రం ఇంకో అబద్ధానికి చోటుంది. వాళ్ళ పద్ధతి అంతే, ఆస్పత్రుల్లో క్యూలు ఎక్కువ అనెయ్యొచ్చు. శశికాంత్ ఆ పని చెయ్యలేదు. ఈ కథలో అతను చేసిన మొదటి మంచి పని అదేనేమో. "మనిద్దరం బంధువులమా అని అడిగారు. కాదని రాశాను," అన్నాడు.

"ఎందుకు?"

ఎందుకో ఆమెకీ తెలుసు. ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఒకరోజు ఆఫీసు భోజనాల దగ్గర, మా ఆవిడ మా మేనత్త కూతురని మామూలుగా చెప్పాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నమలడం ఆపేశారు. ఒకడు వాన గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆ తర్వాత నెలపాటు వెనక నవ్వులు వినిపించాయి. మైథిలిని ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకొస్తూ టాక్సీలోనే చెప్పాడు. బయట బావా అని పిలవొద్దు, ఎవరైనా అడిగితే పెద్దలు చూసిన సంబంధమని చెప్పు, వీళ్ళకి వరసలు తెలియవు, అన్నాచెల్లెళ్ళం అనుకుంటారు అని. ఆమె బుద్ధిగా తలూపింది.

"నీ పరువు కోసమా," అంది మైథిలి. అరవలేదు. అరిస్తే అతనికి కొంచెం తేలిగ్గా ఉండేది. "వాళ్ళు నవ్వుతారని నా పిల్లకి ఎనిమిది నెలలు లేకుండా చేశావు. నా పిల్ల తలుపుకి గుద్దుకుంటుంటే నేను దాన్నే తిట్టాను బావా. దాన్నే తిట్టాను."

"తప్పే. నా తప్పే."

లాప్‌టాప్ టింగుమంది. తేదీలు ఏమయ్యాయని టీమ్ లీడు అడుగుతున్నాడు. మైథిలి ఒంటి చేత్తో దాని మూత మూసేసింది. ఏ దీవికీ ఎవరూ వెళ్ళడం లేదు. పిల్లను అతని చేతికి కూడా ఇవ్వకుండా, చంకన వేసుకునే గదిలోకి వెళ్ళి ఒక పచ్చ ఫైలు తెచ్చింది. అందులో బుధవారం మెటర్నిటీ ఆస్పత్రిలో ఇచ్చిన కాగితాలున్నాయి.

"నన్నూ అడిగారు," అంది. "నువ్వూ, మీ ఆయనా బంధువులా అని."

శశికాంత్ ఆమె వైపు చూశాడు.

"నువ్వు నేర్పిన పాఠమేగా. తడుముకోకుండా కాదన్నా. పైగా నవ్వాను కూడా. వాళ్ళు రాసుకున్నారు."

కాగితం మీదున్న నంబరుకి ఆమె ఫోన్ చేసింది. పిల్ల ఒక చేతిలో ఉంది కాబట్టి స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది. కాసేపు పాట వినిపించింది. తర్వాత ఒక పెద్దావిడ గొంతు, పల్లెటూరి ఐరిష్ యాస, చాలా ఆప్యాయంగా పలికింది. మైథిలి పేరు, పుట్టినతేదీ చెప్పింది. బుధవారం ఒక సమాధానం తప్పు ఇచ్చానని, దిద్దాలని చెప్పింది.

"గ్రాండ్, లవ్." సరేనమ్మా అనడానికి ఇక్కడ అదే మాట. "ఏం దిద్దాలో చెప్పు."

"మేమిద్దరం బంధువులం. ఆయన మా సొంత మేనమామ కొడుకు."

శశికాంత్ కళ్ళు మూసుకున్నాడు. నవ్వూ రాలేదు, మౌనమూ రాలేదు. అవతల కీబోర్డు చప్పుడు మాత్రం వినిపించింది. "అలాగే, ఫస్ట్ కజిన్స్ అని రాసుకుంటున్నా," అంది ఆవిడ, ఇంటి అడ్రసు మార్చినంత మామూలుగా. ఏడేళ్ళుగా అతను మోసిన సిగ్గు అంత చిన్న చప్పుడుతో అయిపోయింది.

"చెప్పడం మంచిదయింది. ఇలాంటప్పుడు ఇంకో రెండు ప్రశ్నలు అడగాలి, ఏమనుకోకు," అంది ఆవిడ. "నీ మొదటి పాప. ఇక్కడ ఆరోగ్యంగా ఉంది, సమస్యలేమీ లేవు అని రాసుంది. దాన్ని అలాగే ఉంచనా?"

మైథిలి పిల్లను ఇంకొంచెం దగ్గరికి హత్తుకుంది. భుజం మీద నిఖిల బొడిపె తడుముకుంటూ, కిటికీలో తిరిగి వస్తున్న వెలుతురు వైపు మెడ తిప్పింది.

"హలో? ఉన్నావా, లవ్?"

మైథిలి ఫోన్ తీసి శశికాంత్ చేతిలో పెట్టింది. స్పీకర్ తీసెయ్యలేదు. అవతలి మనిషికి వినపడేట్టుగా, ఇంట్లో పిలిచే పిలుపుతోనే పిలిచింది.

"ఇది నువ్వే చెప్పు, బావా."